ప్యాకింగ్ లైను పైపుల్లో ఎన్ని లీటర్ల పాలు నిలుస్తాయి? రోజూ తగ్గుతున్న 180 లీటర్ల లెక్క

చిట్యాల రాత్రిషిఫ్టు (ప్రశ్న)

అందరికీ నమస్కారం. నల్గొండ జిల్లాలో హైదరాబాదు–విజయవాడ రహదారికి దగ్గరగా ఉన్న ఒక చిన్న పాల ప్లాంటులో రాత్రి షిఫ్టు ఇన్‌చార్జిగా పనిచేస్తున్నాను. డెయిరీ చదువు చదివినవాడిని కాను. ఊరి పాలకేంద్రంలో టెస్టరుగా మొదలుపెట్టి ఇక్కడిదాకా వచ్చాను కాబట్టి, నా లెక్కలో తప్పుంటే మొహమాటపడకుండా చెప్పండి.

పాశ్చరైజ్ చేసి చల్లబరిచిన టోన్డ్ పాలు మా దగ్గర సైలోలో, అంటే పెద్ద నిలువ ట్యాంకులో ఉంటాయి. అక్కడి నుంచి ప్యాకింగ్ మెషీను వరకు స్టెయిన్‌లెస్ స్టీలు పైపు వేశారు. అందులో 2 అంగుళాల పైపు 64 మీటర్లు, దానికి 16 బెండ్లు ఉన్నాయి. మెషీను దగ్గర కిందికి దిగేచోట ఒకటిన్నర అంగుళాల పైపు 12 మీటర్లు, దానికి 6 బెండ్లు ఉన్నాయి. పంపు గంటకు 5,000 లీటర్లదని దాని మీది రేకుపై రాసి ఉంది. ప్రతి రాత్రి సైలో నుంచి 5,000 ఇచ్చినట్టు రిజిస్టరులో రాస్తాము. మెషీను కౌంటరు ప్రకారం అర లీటరు ప్యాకెట్లు 9,640 వస్తున్నాయి, అంటే 4,820 లీటర్లు. తగ్గిన 180 లీటర్లను ఇన్నాళ్లూ ‘పైపు నష్టం’ అని ఒక్క మాటలో రాసి సరిపెట్టుకుంటూ వచ్చారు. కొత్తగా వచ్చిన మేనేజరు గారు ఆ మాట ఒప్పుకోవడం లేదు; పైపులో ఎన్ని లీటర్లు పడతాయో కాగితం మీద చూపించమన్నారు.

నేను వేసిన లెక్క ఇది. 2 అంగుళాలంటే 50.8 మిల్లీమీటర్లు. వ్యాసాన్ని వ్యాసంతో గుణించి, దాన్ని 0.7854తో గుణిస్తే అడ్డుకోత వైశాల్యం సుమారు 2,027 చదరపు మిల్లీమీటర్లు వస్తుంది. మీటరు పొడవుకు 2.027 లీటర్లన్నమాట. 64 మీటర్లకు 129.7 లీటర్లు. ఒకటిన్నర అంగుళాల పైపుకు ఇదే పద్ధతిలో మీటరుకు 1.14 లీటర్లు, 12 మీటర్లకు 13.7 లీటర్లు. మొత్తం 143.4. బెండ్లను ఎలా లెక్కించాలో తెలియక వదిలేశాను.

180లో 143 లీటర్లు పైపుకే పోతున్నాయని రాసి ఇచ్చేద్దామనుకున్నాను కానీ, ఒక అనుమానం వచ్చి ఆగాను. ప్యాకింగ్ చివర మేము లైనును నీళ్లతో తోస్తాము. పాలు పలచబడినట్టు కనిపించగానే ఆపరేటరు వాల్వును కాలువ వైపు తిప్పేస్తాడు. అలాంటప్పుడు పైపులోని 143 లీటర్లూ ప్రతి రాత్రి పోతున్నాయని చెప్పడం సరైనదేనా?

పాలమూరు పాత ఇంజినీరు

తమ్ముడూ, రాసి ఇవ్వకుండా ఆగి మంచి పని చేశావు. నీ లెక్కలో ఒక తప్పు ఉంది, నీ అనుమానంలో ఒక నిజం ఉంది.

ముందు తప్పు సంగతి. డెయిరీల్లో వాడే పైపును 2 అంగుళాలు అని పిలిచేది దాని బయటి కొలతను బట్టి. పాలు నిలిచేది లోపల. కాబట్టి గోడ మందాన్ని రెండు వైపులా తీసేయాలి. మన ప్రాంతపు ప్లాంట్లలో నేను ఎక్కువగా చూసిన గోడ మందం 1.6 మిల్లీమీటర్లు. అప్పుడు 50.8లో 3.2 పోతే లోపలి వ్యాసం 47.6 అవుతుంది, మీటరుకు 2.027 కాదు, 1.780 లీటర్లు పడతాయి. చూడటానికి మూడు మిల్లీమీటర్ల తేడాయే అయినా, వ్యాసం వర్గంలోకి వెళ్తుంది కాబట్టి నీ అంకె దాదాపు 14 శాతం ఎక్కువ వచ్చింది. అదే 1.6 గోడతో ఒక అంగుళం పైపుకు మీటరుకు 0.387 లీటర్లు, ఒకటిన్నరకు 0.957, రెండున్నరకు 2.856, మూడు అంగుళాలకు 4.185 లీటర్లు వస్తాయి. ఇవి నీ నోటుబుక్కు మొదటి పేజీలో రాసి పెట్టుకో. అయితే గుడ్డిగా నమ్మకు. 1.2 మిల్లీమీటర్ల గోడ ఉన్న 2 అంగుళాల పైపులు కూడా ఉన్నాయి, వాటికి మీటరుకు 1.84 వస్తుంది. జర్మన్ కొలతల్లో 50 అని పిలిచే పైపుకు బయట 53, గోడ 1.5, లోపల సరిగ్గా 50 ఉంటుంది. పరాయి దేశపు మెషీను తెచ్చి మన లైనుకు అతికించినచోట ఈ రెండు రకాలూ పక్కపక్కనే ఉండటం నేను చూశాను. ఒక యూనియన్ (పైపు ముక్కలను కలిపే జాయింటు) విప్పి వెర్నియర్‌తో లోపలి వ్యాసాన్ని కొలిస్తే ఈ గొడవంతా ఐదు నిమిషాల్లో తేలిపోతుంది.

ఇక బెండు. బెండులోని ఘనపరిమాణాన్ని దాని మధ్యగీత పొడవు మీద లెక్కించాలి. సాధారణంగా బెండు వంపు వ్యాసార్ధం పైపు వ్యాసానికి ఒకటిన్నర రెట్లు ఉంటుంది. నీ 2 అంగుళాల బెండుకు అది 76.2 మిల్లీమీటర్లు. తొంభై డిగ్రీల మలుపుకు దాన్ని 1.571తో గుణిస్తే 119.7 మిల్లీమీటర్లు, అంటే 0.213 లీటరు. 16 బెండ్లకు 3.4 లీటర్లు. చిన్న పైపు బెండు ఒక్కొక్కటి 0.086 లీటరు, ఆరింటికి అర లీటరు. నువ్వు టేపును మూల నుంచి మూలకు పట్టి ఉంటే బెండ్లు ఆ పొడవులోనే కలిసిపోయాయి కాబట్టి మళ్లీ కలపకూడదు. అలా కొలవడం వల్ల వచ్చే తేడా నీ లైను మొత్తానికి లీటరు దగ్గరే ఉంటుంది, దాని గురించి నిద్ర పాడుచేసుకోవద్దు. తిన్నటి ముక్కలను మాత్రమే కొలిచావనుకుంటే మొత్తం ఇలా వస్తుంది: 113.9, 3.4, 11.5, 0.5 కలిపి 129.3 లీటర్లు.

ఇప్పుడు నీ అనుమానంలోని నిజం. పైపులో ఉన్న పాలు నష్టం కాదు, నిలువ. రాత్రి ప్యాకింగ్ మొదలుపెట్టేటప్పుడు 129 లీటర్లు పైపును నింపడానికి పోతాయి, చివర నీళ్లతో తోసినప్పుడు అవే 129 లీటర్లు మెషీనుకు చేరతాయి. పోయేది పాలకూ నీళ్లకూ మధ్య కలగలిసిన భాగం మాత్రమే. పైపు పరిమాణాన్నంతా రోజూ నష్టంగా రాయడమంటే, గల్లాపెట్టెలో ఉంచిన చిల్లరను రోజూ ఖర్చు కింద రాసినట్టే.

అందుకే నాకు ఒక ప్రశ్న మిగిలింది. సైలో నుంచి 5,000 ఇచ్చామని రాశావు. 5,000 ఏమిటి? లీటర్లా, కిలోలా? నువ్వు ఆ అంకె పక్కన ఏమీ రాయలేదు.

జడ్చర్ల ఫిట్టరు

ఇంజినీరు గారి లెక్కకు నేను పెట్టే వంక ఏమీ లేదు. కాని కాగితం మీది పైపు వేరు, గోడకు బిగించిన పైపు వేరు. వాల్వు కడుపులో, ఫిల్టరు గిన్నెలో, సైట్ గ్లాసులో, పంపు లోపల కూడా పాలు నిలుస్తాయి. వాటికి సూత్రం వెతుక్కుంటూ కూర్చోవద్దు. నీళ్లతో కొలిచెయ్యండి.

కొలిచే పద్ధతిలో చాలామంది ఒక పొరపాటు చేస్తారు. నిండిన లైనును కింద వాల్వు విప్పి ఖాళీ చేసి, వచ్చిన నీళ్లను కొలుస్తారు. పైపు సరైన వాలులో లేకపోతే అడుగున నీళ్లు మిగిలిపోతాయి, కొలత తక్కువ వస్తుంది. ఎంత తక్కువ వస్తుందో చెబుతాను. మీ 2 అంగుళాల పైపులో అడుగున 5 మిల్లీమీటర్ల లోతు మిగిలిందనుకోండి. చూడటానికి తడి ఆరనట్టే ఉంటుంది, కాని అది నిండు పైపులో సుమారు ఐదున్నర శాతం, మీటరుకు దాదాపు 100 మిల్లీలీటర్లు. 64 మీటర్లకు ఆరు లీటర్లు దాటుతుంది. గుండ్రటి పైపులో లోతుకూ పరిమాణానికీ సూటి సంబంధం ఉండదు. సగం లోతు ఉంటే సగం పరిమాణమే, కాని పావు లోతు ఉంటే పావు కాదు, ఐదో వంతు కన్నా కొంచెం తక్కువే.

కాబట్టి ఇలా చేయండి. పైపును పూర్తిగా ఖాళీ చేసి ఆరబెట్టండి. తూకం వేసిన క్యాన్ల నుంచి బ్యాలన్స్ ట్యాంకులో నీళ్లు పోసి పంపు నడపండి. చివరి నుంచి గాలి బుడగలు ఆగి, ధార నిండుగా వచ్చేదాకా బయటికి వచ్చిన నీళ్లన్నీ వేరే క్యాన్లలో పట్టండి. పోసినదానిలోంచి ట్యాంకులో మిగిలినదాన్నీ, బయటికి వచ్చినదాన్నీ తీసేస్తే పైపులో ఉన్నది వస్తుంది. లైనులో అన్నిటికన్నా ఎత్తైన చోట గాలి చిక్కుకుంటే ఆ మేరకు తప్పు చూపిస్తుంది కాబట్టి, అక్కడి యూనియన్‌ను ఒకసారి వదులు చేసి గాలిని వదిలెయ్యండి.

ఇంకో మాట. మన నల్గొండ బోరు నీళ్ల సంగతి మీకు తెలియంది కాదు. శుద్ధి చేయని నీళ్లను వేడి చేసి తిప్పే పైపుల్లో తెల్లటి పెచ్చు కడుతుంది. 47.6 మిల్లీమీటర్ల పైపులో చుట్టూ ఒక్క మిల్లీమీటరు పెచ్చు పట్టినా లోపలి పరిమాణం 8 శాతం తగ్గిపోతుంది. పాల లైనులో అంత పట్టనివ్వరు కాని, వేడినీళ్ల లైనుకు, క్లీనింగ్ రిటర్ను లైనుకు కొత్త పైపు లెక్క వాడేటప్పుడు ఈ విషయం గుర్తుంచుకోండి.

చిట్యాల రాత్రిషిఫ్టు

ఇంజినీరు గారూ, మీ ప్రశ్న చదివి ఫోను పక్కన పెట్టి నేరుగా సైలో దగ్గరికే వెళ్లాను. సైలో లోడ్‌సెల్ (బరువు చూపే పరికరం) మీద నిలబడి ఉంది. దాని డిస్‌ప్లేలో అంకె పక్కన ‘కేజీ’ అని ఉంది. మేము 5,000 కిలోలు ఇచ్చి, 5,000 లీటర్లు ఇచ్చామని అనుకుంటున్నాము. రిజిస్టరులో ఆ గడి తలపై ‘పరిమాణం’ అని మాత్రమే ఉంది. నాకంటే ముందున్నవాళ్లూ అడగలేదు, నేనూ అడగలేదు. ఒక లీటరు పాలు 1.03 కిలోలు అని పాలకేంద్రంలో నేనే రైతులకు చెప్పేవాడిని. 5,000ను 1.03తో భాగిస్తే 4,854. తేడా 146 లీటర్లు!

అంటే తగ్గిన 180లో 146 లీటర్లు అసలు లేనే లేవు. నా తప్పుడు పైపు లెక్క 143 రావడం, ఈ తేడా 146 రావడం చూసి భయం వేసింది. ఈ రెండూ దగ్గరగా ఉండటం వల్ల నేను రాసి ఇచ్చిన కాగితాన్ని అందరూ నమ్మేసేవాళ్లు.

ఫిట్టరు అన్న చెప్పిన పద్ధతిలో నిన్న మధ్యాహ్నం నీళ్లతో కొలిచాము. వెర్నియర్ మీద లోపలి వ్యాసం 47.6 వచ్చింది. పైపులో నిలిచిన నీళ్లు 131 కిలోలు. ఇంజినీరు గారి లెక్క 129.3 కాబట్టి, మిగిలిన రెండు లీటర్లకు దగ్గరగా ఉన్నది వాల్వులది, సైట్ గ్లాసుది అనుకుంటున్నాను. ఇప్పుడు ఆచూకీ తెలియాల్సింది 34 లీటర్లు.

మిర్యాలగూడ ల్యాబ్

ఆ 34 లీటర్లలో ఎక్కువ భాగం పాలూ నీళ్లూ కలిసే చోటే దొరుకుతుందని నా అంచనా. నేను క్వాలిటీ విభాగంలో పనిచేస్తాను. ఈ కలయిక విషయంలో ఆపరేటరు కంటిచూపును నమ్మవద్దని చెప్పడానికే రాస్తున్నాను. పాలలో పదో వంతు నీళ్లు కలిసినా రంగులో తేడా కనిపించదు. కాని 8.5 శాతం ఉండవలసిన ఎస్‌ఎన్‌ఎఫ్ (వెన్న కాక పాలలో ఉండే మిగతా ఘనపదార్థాలు) 7.65కు పడిపోతుంది, ఆ ప్యాకెట్టు చట్టం ముందు టోన్డ్ పాలు కాదు. మరోవైపు, భయపడి ముందుగానే వాల్వు తిప్పితే మంచి పాలు కాలువ పాలవుతాయి.

మొదట పంపు నిజమైన వేగాన్ని కొలవండి. రేకు మీద రాసిన అంకె ఎదురు ఒత్తిడి లేనప్పటిదో, మరెప్పటిదో తెలియదు. లైను చివర 40 లీటర్ల క్యాను పెట్టి స్టాప్‌వాచ్‌తో చూడండి. గంటకు 5,000 లీటర్లయితే క్యాను 29 సెకన్లలో నిండాలి. ఆ వేగంలో 131 లీటర్ల లైను 94 సెకన్లలో మారిపోతుంది. వేగం తక్కువైతే ఆ సమయం పెరుగుతుంది.

తర్వాత నీళ్లు వదిలిన క్షణం నుంచి సెకన్లు లెక్కపెడుతూ, చివరి శాంపిల్ కాక్ దగ్గర నాలుగేసి సెకన్లకు ఒక సీసా పట్టండి. సీసాలన్నిటినీ లాక్టోమీటరు (పాల చిక్కదనం కొలిచే పరికరం) మీద రాసి ఉన్న ఉష్ణోగ్రతకు తెచ్చి చదవండి. 5 డిగ్రీల పాలలో నేరుగా ముంచి చదివిన అంకెకు విలువ లేదు. మామూలు పాలకు 28 వస్తుందనుకుంటే, 14 వచ్చిన సీసాలో సగం పాలు, సగం నీళ్లు ఉన్నట్టు. ఇంత సూటిగా పనిచేసే పద్ధతి మరొకటి లేదు. మూడు రాత్రులు ఇలా చేస్తే మీ లైనుకు ఎన్నో సెకను వరకు మంచి పాలు వస్తాయో తేలిపోతుంది. ఆ సెకనును గోడ మీద పెయింటుతో రాయించండి.

ఒక విషయం చాలామందికి ఆశ్చర్యం కలిగిస్తుంది. కలిసే భాగం పొడవు, పైపు పొడవుతో పాటు అదే నిష్పత్తిలో పెరగదు. ప్రవాహం సుడులు తిరుగుతూ వేగంగా సాగుతున్నంత వరకు అది పైపు పొడవు వర్గమూలాన్ని బట్టి పెరుగుతుంది. లైను నాలుగింతలైతే కలయిక రెండింతలే అవుతుంది. కాని క్రీము, పెరుగు వంటి చిక్కటి పదార్థాలు నెమ్మదిగా పొరలు పొరలుగా జారుతాయి. వాటిలో మధ్యభాగం సగటు వేగానికి రెండింతల వేగంతో పరుగెడుతుంది. వెనక తోసే నీళ్లు ఆ మధ్యలోంచి సొరంగంలా దూసుకుపోతాయి, గోడలకు అంటుకున్నది అక్కడే ఉండిపోతుంది. అందువల్ల క్రీము లైనుకు ‘పైపు పరిమాణమంత నీళ్లు వదిలితే చాలు’ అనే లెక్క పనికిరాదు.

అలాగే ప్యాకెట్లను కూడా తూచండి. అర లీటరు పాలు 515 గ్రాములు ఉండాలి, ఖాళీ కవరు బరువు వేరుగా తీసేయాలి. ఒక్క గ్రాము ఎక్కువ పడినా 9,640 ప్యాకెట్ల మీద తొమ్మిది లీటర్లు దాటుతుంది. ఈ నష్టం పైపులో ఎంత వెతికినా దొరకదు.

వనపర్తి పాలవ్యాపారి

ఇంత శాస్త్రం అవసరమా అని అడుగుతున్నాను, ఎవరూ ఏమీ అనుకోవద్దు. మా నాన్నగారి కాలం నుంచి మేము వాడే లెక్క ఒకటుంది: లోపలి వ్యాసాన్ని అంగుళాల్లో తీసుకుని, దాన్ని దానితోనే గుణించి రెండుతో భాగిస్తే మీటరుకు ఎన్ని లీటర్లో వస్తుంది. 2 అంగుళాలకు 2, 3 అంగుళాలకు నాలుగున్నర. వెర్నియర్లు, సీసాలు, స్టాప్‌వాచ్‌లు లేకుండానే మా చిల్లింగ్ సెంటరు ఇన్నేళ్లుగా నడుస్తోంది.

పాలమూరు పాత ఇంజినీరు

వ్యాపారి గారి సూత్రం తప్పు కాదు. నిజమైన గుణకం 0.5067, ఆయన 0.5 వాడుతున్నారు, తేడా ఒక శాతం చిల్లర మాత్రమే. నేను కూడా సైటులో నిలబడి నోటిలెక్క వేయాల్సి వచ్చినప్పుడు అదే వాడతాను. కాని ‘లోపలి వ్యాసం’ అన్న మాటను ఆయన మొదటి వాక్యంలో రాసి, రెండో వాక్యంలో 2 అంగుళాలకు 2 అని బయటి కొలతతోనే చెప్పారు. చిట్యాల తమ్ముడు పడిన గుంట కూడా అదే.

చిల్లింగ్ సెంటరులో ఆ తేడా వల్ల పోయేది కొన్ని లీటర్లు. పాశ్చరైజరులో వేడి పాలను కాసేపు నిలిపే హోల్డింగ్ ట్యూబులో అలా కాదు, అక్కడ పోయేది పాల భద్రత. ఈ చర్చ చదివి ఎవరైనా ఇదే లెక్కను అక్కడ వాడతారేమోనన్న భయంతో కాస్త వివరంగా రాస్తున్నాను.

పాశ్చరైజేషన్‌లో పాలు 72 డిగ్రీల వేడిలో కనీసం 15 సెకన్లు ఉండాలి. గంటకు 5,000 లీటర్లు పోయే ప్లాంటులో సెకనుకు 1.389 లీటర్లు కదులుతాయి, పదిహేను సెకన్లకు 20.8 లీటర్లు. అంతే పరిమాణం గల ట్యూబు వేస్తే సరిపోతుందనిపిస్తుంది. సరిపోదు. పైపు మధ్యలో నడిచే పాలు గోడ పక్కన నడిచే పాలకన్నా ముందుగా చివరికి చేరతాయి. అన్నిటికన్నా ముందు చేరే చుక్కకు కూడా 15 సెకన్లు దక్కాలి కాబట్టి, పాలకు సాధారణంగా 0.85 అనే గుణకంతో భాగిస్తారు. అప్పుడు కావలసింది 24.5 లీటర్లు. 1.6 గోడ ఉన్న 2 అంగుళాల పైపులో దానికి 13.8 మీటర్లు కావాలి. బయటి వ్యాసంతో లెక్క కట్టినవాడు 12.1 మీటర్లే వేస్తాడు. ఆ ట్యూబులో ముందు చేరే పాలకు 13 సెకన్లు మాత్రమే దక్కుతాయి. చూసేవారికి ప్లాంటు బాగానే నడుస్తున్నట్టు ఉంటుంది, థర్మామీటరు 72 చూపిస్తూనే ఉంటుంది.

ఇదే ప్రమాదం పంపు మార్చినప్పుడు కూడా వస్తుంది. ఎండాకాలంలో మజ్జిగకు, పెరుగుకు గిరాకీ పెరిగిందని 5,000 పంపు తీసి 6,000ది పెట్టి, 13.8 మీటర్ల ట్యూబును అలాగే వదిలేస్తే నిలిచే సమయం పన్నెండున్నర సెకన్లకు పడిపోతుంది. ట్యూబు ముందుకు సాగేకొద్దీ కొద్దిగా పైకి లేచేలా ఉండాలి. గాలి చిక్కుకుంటే ఆ మేరకు పాలు నిలిచే చోటు తగ్గిపోతుంది. లెక్క ఎంత బాగున్నా, చివరి మాట ఉప్పునీళ్లతో చేసే విద్యుత్ వాహకత పరీక్షదే: ట్యూబు మొదట్లో కొంచెం ఉప్పు ద్రావణం ఎక్కించి, అది చివరికి చేరడానికి పట్టిన సమయాన్ని మీటరు మీద చూస్తారు.

జడ్చర్ల ఫిట్టరు

ఇంజినీరు గారు హోల్డింగ్ ట్యూబు గురించి చెప్పారు కాబట్టి, నేను క్లీనింగ్ గురించి ఒక అంకె చెబుతాను. పైపు లోపల శుభ్రం కావాలంటే ద్రావణం సెకనుకు కనీసం ఒకటిన్నర మీటర్ల వేగంతో పోవాలని అందరూ పాటించే లెక్క. మీటరుకు 1.78 లీటర్లు పట్టే 2 అంగుళాల పైపులో దానికి గంటకు 9,600 లీటర్లు కావాలి. చిట్యాల తమ్ముడి పాల పంపు గంటకు 5,000 ఇచ్చినా వేగం సెకనుకు 0.78 మీటర్లే. ఆ పంపుతోనే కాస్టిక్ (పైపులు కడిగే క్షారం) కూడా తిప్పుతుంటే అది కడిగినట్టు కాదు, తడిపినట్టు.

నీళ్లతో నిండిన 129 లీటర్ల లైనులోకి 500 లీటర్ల ట్యాంకు నుంచి ఒకటిన్నర శాతం కాస్టిక్ వదిలి, రిటర్నును (లైను తిరిగి వచ్చే ద్రావణాన్ని) వెంటనే ట్యాంకుకు కలిపేస్తే పైపులోని నీళ్లన్నీ ట్యాంకులోకి వస్తాయి, బలం 1.2 శాతానికి పడిపోతుంది. 9,600 వేగంలో ఆ నీళ్లు బయటికి పోవడానికి 48 సెకన్లు పడుతుంది, రిటర్ను లైనుకు పట్టేది దానికి అదనం. అంతవరకు రిటర్నును కాలువకు వదలాలి. రసాయనం ఎందుకు త్వరగా అయిపోతోందని తిట్లు తినే ప్లాంట్లు చాలా ఉన్నాయి, వాటిలో చాలా చోట్ల కారణం ఈ 48 సెకన్లే.

చిట్యాల రాత్రిషిఫ్టు

ల్యాబ్ మేడమ్ చెప్పినట్టు మూడు రాత్రులు సీసాలు పట్టాము. ముందుగా పంపు సంగతి: 40 లీటర్ల క్యాను 32 సెకన్లలో నిండింది, అంటే గంటకు 4,500 లీటర్లే. ఆ వేగంలో 131 లీటర్లు మారడానికి 105 సెకన్లు పట్టాలి. లాక్టోమీటరు 96వ సెకను వరకు 28 దగ్గరే నిలబడింది, 104కు 15 చూపించింది, 112 దాటాక దాదాపు నీళ్లే. మా ఆపరేటరు అలవాటుగా తిప్పుతున్నది 92వ సెకనులో. సెకనుకు 1.25 లీటర్ల చొప్పున, నాలుగు సెకన్లలో ఐదు లీటర్ల మంచి పాలు కాలువలోకి పోతున్నాయి. కలిసిన భాగం 20 లీటర్లు, అందులో సగం పాలనుకుంటే 10. మొదట్లో పాలు నీళ్లను తోసుకుంటూ వచ్చేటప్పుడు మరో 10. ప్యాకెట్లు తూస్తే సగటున అర గ్రాము ఎక్కువ పడుతున్నాయి, దానికి ఐదు లీటర్లకు కొంచెం తక్కువ. కలిపితే 30 దాకా వచ్చింది. ఇంకా నాలుగు లీటర్లకు లెక్క తేలలేదు.

మేనేజరు గారికి ఇచ్చిన కాగితంలో ‘పైపు నష్టం’ అనే గడి తీసేశాను. దాని స్థానంలో కిలో–లీటరు మార్పు, కలయిక, ప్యాకెట్లో అదనం అని మూడు గడులు గీశాను. వాల్వు తిప్పడాన్ని 96వ సెకనుకు మార్చాము. వచ్చే నెల టోన్డ్ పాల వెనకే ఫుల్ క్రీమ్ పాలు ప్యాక్ చేయాలంటున్నారు. అప్పుడు మధ్యలో నీళ్లు వదలకుండా పాలతోనే పాలను తోయవచ్చా?

మిర్యాలగూడ ల్యాబ్

తోయవచ్చు, నీళ్లతో తోయడం కన్నా అదే మేలు. కాని కలిసిన భాగాన్ని ఏ ప్యాకెట్లోకీ వెళ్లనివ్వకండి. 3 శాతం వెన్న ఉన్న టోన్డ్ పాల వెనక 6 శాతం ఫుల్ క్రీమ్ వస్తే, మధ్యది ఫుల్ క్రీమ్ కవరులో పడితే ప్రమాణం కన్నా తక్కువ అవుతుంది, టోన్డ్ కవరులో పడితే మీ వెన్న ఉచితంగా పోతుంది. సగటున నాలుగున్నర శాతం ఉన్న 25 లీటర్లు టోన్డ్ కవర్లలో పోయాయంటే, దాదాపు 400 గ్రాముల వెన్న ఇచ్చేసినట్టే. శుభ్రమైన క్యాన్లలో పట్టి, చల్లగా ఉండగానే, మళ్లీ పాశ్చరైజ్ కావడానికి పచ్చి పాల సైలోకు పంపండి. రిజిస్టరులో దాన్ని తిరిగి వచ్చిన పాలుగా, కిలోల్లో రాయండి.

జడ్చర్ల ఫిట్టరు

ఆ మిగిలిన నాలుగు లీటర్ల గురించి ఒక ప్రశ్న. ఒకటిన్నర అంగుళాల లైను దిగేచోట, ఇప్పుడు వాడని పాత మెషీనుకు వెళ్లే కొమ్మ ఏదైనా ఉందా?

చిట్యాల రాత్రిషిఫ్టు

ఉంది. టీ (పైపు రెండుగా చీలే జాయింటు) దగ్గర నుంచి పాత మెషీను వాల్వు వరకు రెండు మీటర్లు. వాల్వు ఎప్పుడూ మూసే ఉంటుంది. దాన్ని లెక్కలోకి తీసుకోవాలని తోచలేదు.

జడ్చర్ల ఫిట్టరు

రెండు మీటర్లకు 1.9 లీటర్లు. నీళ్లు పక్కనుంచి పోతాయి, దానిలోని పాలను తోయవు. రాత్రంతా అందులో పాలు కదలకుండా ఉండి, కడిగేటప్పుడు కాలువలోకి పోతున్నాయి. పాలు పోవడం కన్నా, అక్కడ నిలిచిన పాలలో పెరిగే క్రిములు మీ ప్యాకెట్ల నిలువను తగ్గించడం పెద్ద సమస్య. ఆ కొమ్మను టీ దగ్గరే కోసి మూత వేయించండి. మిగిలిన రెండు లీటర్లను కారే ప్యాకెట్ల బుట్టలో వెతకండి.

చిట్యాల రాత్రిషిఫ్టు

వెల్డరు గురువారం వస్తున్నాడు. కోసిన ముక్క లోపల ఎలా ఉందో చూసి ఫోటో పెడతాను.